మీటరు ఎవరి పేరున ఉంటే

"ఇంటర్న్‌షిప్ అంటే ఏముందిరా, జీతం లేకుండా చాకిరీ చెయ్యడమేగా. అది దానికి అలవాటే," అన్నాడు మా ఆయన ఫోన్లో, నేను ఆయన చొక్కా ఇస్త్రీ చేస్తుంటే. అవతల స్నేహితుడు నవ్వినట్టున్నాడు. ఈయనా నవ్వి, నా వైపు చూశాడు. నేనూ నవ్వాను. ఆయన జోకులకి నవ్వడం కూడా ఇంటిపనిలో భాగమేనని నాకు ఎప్పుడో అర్థమైపోయింది. కాలరు తిప్పి రెండోవైపు ఇస్త్రీ చేశాను.

పెళ్ళయిన ఇన్నేళ్ళకి మళ్ళీ చదువు మొదలుపెట్టి ఎమ్మే ఎకనామిక్స్ చివరి ఏడాదికి వచ్చాను. కరెంటు, ఇంధన విధానాల మీద పరిశోధన చేసే సంస్థ ఒకటి వేసవి సెలవుల్లో విద్యార్థుల్ని తీసుకుంటోందని తెలిసి దరఖాస్తు పెట్టాను. రమ్మన్నారు. ఆ కబురు విని అత్తయ్య, "పోనీలేరా, వెళ్ళనీ. పిల్లాజెల్లా ఉంటే కదా, ఇంట్లో మాత్రం ఏం పనుంది దానికి," అంది. నా తరఫున మాట్లాడుతూనే గుండెలో గుచ్చడం అత్తయ్యకి బాగా వచ్చు. పిల్లలు లేరన్న దిగులు నాకూ ఉంది, ఎవరూ చూడనప్పుడు ఏడుస్తాను కూడా. కానీ పిల్లలు లేని ఇంట్లో గిన్నెలు వాటంతటవే తోముకోవుగా.

సంస్థలో మా పని ఇంటింటికీ తిరగడం. ఎండాకాలం ఎలా నెట్టుకొస్తున్నారు, కరెంటు ఛార్జీలు పెంచితే ఏం తగ్గించుకుంటారు, ఇలాంటి ప్రశ్నలు అడిగి ట్యాబ్‌లో ఎక్కించాలి. ఒక్కటే నియమం. మీటరు ఎవరి పేరున ఉంటే వాళ్ళే జవాబు చెప్పాలి. అంటే దాదాపు అన్ని ఇళ్ళల్లోనూ మగవాళ్ళే. కాలు మీద కాలేసుకుని కూర్చుని, "ఏముందండీ, ఛార్జీలు పెంచితే వాషింగ్ మెషీను మానేస్తాం," అనేవాళ్ళు. ఏసీ మానేస్తానన్న మహానుభావుడు నాకు ఒక్కడూ తగల్లేదు. తలుపు పక్కన నిలబడ్డ ఆడమనిషి తడిచేతులు తుడుచుకుంటూ నా వైపు చూసేది. ఆమెని అడగడానికి నాకు వీల్లేదు. 'పొదుపు' అన్నచోట టిక్కు పెట్టి బయటపడేదాన్ని. మెట్లు దిగుతుంటే ఆమెకి నేనే ఏదో ద్రోహం చేసినట్టు ఉండేది.

ఒకరోజు మీటింగులో ఉండబట్టలేక అనేశాను. "మేడమ్, మనం పొదుపు అని రాస్తున్నదంతా ఆడవాళ్ళ రెక్కల కష్టం. ఆదా అయిన కరెంటుకి బదులు వాళ్ళ చేతులు పనిచేస్తున్నాయి."

"ఇంటి గొడవలు ఆఫీసుకి మోసుకొస్తే ఎలాగండీ," అన్నాడు సీనియర్ పరిశోధకుడు. అందరూ ముసిముసిగా నవ్వారు. డైరెక్టర్ మేడమ్ మాత్రం నవ్వలేదు. "ఇంకోసారి చెప్పండి, నిదానంగా," అంది. చెప్పిన మాటే మళ్ళీ చెప్పమని నన్ను అడిగిన మనిషి అంతకుముందు ఎవరూ లేరు. మొదటినుంచీ మళ్ళీ చెప్పాను. వేసవి ముగుస్తుండగా ఆవిడ నన్ను పిలిచి, ఈ విషయం మీదే ఏడాదిపాటు అధ్యయనం చేయిస్తున్నామని, వేరే ఊళ్ళో ఉండి చెయ్యాలని, జీతం, వసతి ఇస్తామని చెప్పింది. సోమవారానికల్లా ఏదో ఒక మాట తేల్చి చెప్పమంది.

ఇంట్లో చెప్పాను. మా ఆయన అరవలేదు. అరిచే మనిషి కాదు. "చూద్దాంలే," అన్నాడు. మర్నాడు మేడమ్ తన గదిలోకి పిలిచి, "మీవారు ఫోన్ చేశారు, మీకు వీలుపడదన్నారు. మీరే చెప్పించారా?" అని అడిగింది. కాదనడానికి సిగ్గేసింది. అవుననడానికి నోరు రాలేదు. ఆవిడే, "ఆ కబురు నేను విననట్టే అనుకోండి. సోమవారం మీ నోటితో చెప్పండి," అంది. బాత్రూంలోకెళ్ళి కుళాయి తిప్పి ఏడ్చాను.

సాయంత్రం ఆయన్ని అడిగాను. "నీకసలే మొహమాటం. ఎదురుగా కాదనలేవని నేనే చెప్పేశా," అన్నాడు. నాకు సాయం చేశాననే అనుకుంటున్నాడు, నిజంగానే. చెడ్డవాడైతే ఎప్పుడో దెబ్బలాడేదాన్ని. నాకు జ్వరమొస్తే రాత్రంతా పక్కన కూర్చునే మనిషి. తెల్లారాక నుదుటి మీద చెయ్యి పెట్టి, "లేవగలవా, అమ్మకి కాఫీ టైమైంది," అనేదీ ఆ మనిషే. ఈ ఇద్దరూ ఒక్కడే అన్నదే నన్ను ఇన్నేళ్ళూ కదలనివ్వలేదు. ఎవరితో చెప్పుకున్నా, బంగారంలాంటి మొగుడు, ఇంకేం కావాలంటారు. ఏం కావాలో నాకూ సరిగా చెప్పడం వచ్చేది కాదు.

ఆ ఆదివారం మా వీధి వంతు వచ్చింది. ఆఫీసులో చీట్లు తీస్తే మా ఇంటి నంబరూ పడింది. ఎవరిల్లు వాళ్ళు చెయ్యకూడదు కాబట్టి నా తోటి ఇంటర్న్, మేమంతా బుల్లెమ్మ అని పిలిచే చిన్నపిల్ల, వచ్చింది. కావాలంటే ఇల్లు మార్పించుకోవచ్చు. మార్పించుకోలేదు. మా ఇంటి గురించి ఏం చెబుతారో ఒక్కసారి వినాలనిపించింది.

మా ఆయన హుషారుగా కూర్చున్నాడు. పక్కన అత్తయ్య. నేను వంటగదిలో కూర కలుపుతున్నాను.

"ఇంట్లో ఎంతమంది ఉంటారు సర్?"

"ముగ్గురం. నేను, మా అమ్మ, మా ఆవిడ."

"పనిచేసేవాళ్ళు?"

"నేనొక్కణ్ణే."

బుల్లెమ్మ వంటగదిలో ఉన్న నా వైపు ఒకసారి చూసింది. తర్వాత ఒకటని ఎక్కించి, గదులెన్ని అని అడిగింది.

"మూడు. అన్నిట్లో ఫ్యాన్లున్నాయి. రెండిట్లో ఏసీ కూడా."

వంటగది గదుల లెక్కలోకి రాదు. అది ఆయన తప్పు కాదు, మా సంస్థ పద్ధతే అంత. ఇక్కడ ఫ్యాను పెడితే పొయ్యి మంట ఆరిపోతుందని ఇల్లు కట్టినప్పుడే పెట్టించలేదు. మోచేత్తో నుదురు తుడుచుకున్నాను.

"వేసవిలో ఉక్కపోతకి ఇబ్బంది పడేవాళ్ళెవరైనా ఉన్నారా సర్ ఇంట్లో?"

"మా ఇంట్లో ఆ బాధ ఎవరికీ లేదమ్మా."

అబద్ధం చెబుతున్న గొంతు కాదది. ఎంతో తృప్తిగా చెప్పాడు. నాకు కోపం రాలేదు. ఇన్నేళ్ళు నేను ఆయన కంటి ముందే తిరిగాను. ఆయనకి కనిపించలేదు. రేపూ కనిపించను.

"ఛార్జీలు పెంచితే ఏం తగ్గిస్తారు?"

"వాషింగ్ మెషీను," అన్నాడు తడుముకోకుండా.

"చేత్తో ఉతికితే ఒంటికీ మంచిదే," అంది అత్తయ్య.

"ఆఖరి ప్రశ్న సర్. వచ్చే ఏడాది మళ్ళీ ఇవే ఇళ్ళకి వస్తాం. అప్పటికీ ఇంట్లో ముగ్గురే ఉంటారా?"

"ముగ్గురమే. ఎక్కడికి పోతాం?" నవ్వాడు మా ఆయన.

పొయ్యి కట్టేశాను. కూర ఇంకా ఉడకలేదు. చేతులు కడుక్కుని ముందుగదిలోకి వచ్చాను.

"ఇద్దరని రాసుకో బుల్లెమ్మా."

ఆ పిల్ల బిత్తరపోయింది. "సర్ చెప్పాలక్కా, మీటరు సర్ పేరున ఉంది," అంది.

మా ఆయన నా మొహంలోకి చూస్తున్నాడు, నేను వేసిన జోకేమిటో వెతుక్కుంటున్నట్టు. అత్తయ్య చటుక్కున లేచి నిలబడింది. "ఏం మాటలే అవి, శుభమా అని! అప్పుడే నన్ను పైకి పంపించేస్తున్నావా?"

"మిమ్మల్ని కాదత్తయ్యా," అన్నాను. "వెళ్ళేది నేను."