ఆపాల్సిన గోలీ

భద్రయ్య ముప్పై రెండేళ్ళు సిటీ బస్సు నడిపాడు. ఒక్క యాక్సిడెంటూ చేయలేదని రిటైరైన రోజు డిపోలో శాలువా కప్పారు. అలాంటి మనిషి మల్కాజ్‌గిరిలోని సొంతింట్లో, బల్బు మార్చడానికి ప్లాస్టిక్ స్టూలు పక్కకు లాగి, భార్యను కింద పడేశాడు. స్టూలు ఉన్నచోటే ఉందనుకుని శ్యామలమ్మ వెనక్కి చూడకుండా కూర్చోబోయింది. చప్పుడుకు పక్కింటివాళ్ళు కూడా పరిగెత్తుకొచ్చారు. ముందు తనే పకపకా నవ్వింది. సాయంత్రమయ్యేసరికి కూర్చోలేకపోయింది.

ఎముక విరగలేదన్నారు. మాత్రలు వాడింది, కాపడం పెట్టుకుంది, కూర్చోవడానికి మధ్యలో చిల్లున్న దిండు కొన్నారు. ఎనిమిది నెలలు గడిచినా వెన్ను చివర ఆ నొప్పి అలాగే ఉండిపోయింది.

సకినాలు చుట్టడంలో శ్యామలమ్మకు ఆ కాలనీలో పేరుంది. సారె పెట్టేవాళ్ళు నెల ముందే చెప్పిపెట్టుకునేవారు. నేల మీద పాత పంచె పరుచుకుని, మఠం వేసుకుని కూర్చుందంటే మూడు గంటలు లేచేది కాదు. ఇప్పుడు డైనింగ్ టేబుల్ దగ్గర నిలబడి చుడుతోంది, పావుగంటకోసారి గోడకు ఆనుకుంటోంది. అన్నం కూడా నిలబడే తింటోంది. ఆమె నిలబడి ఉండగా తాను కూర్చుని తినడానికి మనసొప్పక భద్రయ్య కూడా కంచం చేత్తో పట్టుకుని నిలబడేవాడు.

“నీకేమైందయ్యా? కూసో,” అని కసిరేది.

“ముప్పై రెండేండ్లు కూసునే ఉన్న. సాలు తియ్యి,” అనేవాడు.

చివరికి సికింద్రాబాద్‌లో నొప్పులకే వైద్యం చేసే డాక్టర్ అనుపమ దగ్గరికి వెళ్ళారు. ముప్పై అయిదేళ్ళుంటాయేమో, నెమ్మదిగా మాట్లాడే మనిషి. వెన్ను చివరి ఎముక ముందు భాగంలో సన్నటి నరాల ముడి ఉంటుందని, అక్కడ మందు వేస్తే నొప్పి కబురు మెదడుకు పోకుండా ఆగుతుందని కాగితం మీద బొమ్మ వేసి చూపించింది.

“వెన్నులకు సూది అంటున్నరు. కాళ్ళు పడిపోతయేమో, మేడం?” అన్నాడు భద్రయ్య.

“మీరు అద్దం చూడకుండా బస్సు రివర్స్ చేస్తారా, అంకుల్? నేనూ అంతే. ఎక్స్‌రే మెషీన్‌లో సూది మొన ఎక్కడుందో చూసుకుంటూ పోతాను. కాళ్ళకు పోయే నరాలు ఆ చోట ఉండవు. ముందు వైపు పేగు ఉంటుంది, దానికి తగలకుండా చూసుకోవాలి. మొదట కొంచెం రంగుమందు వేసి, అది సరైన చోట పరుచుకుంటేనే అసలు మందు వేస్తాను. ప్రమాదమే లేదని మాత్రం చెప్పను. రక్తం కారొచ్చు, ఇన్‌ఫెక్షన్ రావొచ్చు. తక్కువే, కానీ రావొచ్చు.”

తర్వాత శ్యామలమ్మ వేసుకునే మాత్రలన్నీ చూపించమంది. రెండేళ్ళ క్రితం ఆమె గుండెకు స్టెంటు వేశారు. రక్తాన్ని పలచబరిచే మాత్రలు రెండున్నాయి. అనుపమ గుండె డాక్టర్‌తో మాట్లాడి, అందులో గులాబీరంగుది ఏడు రోజులు ఆపమని రాసిచ్చింది.

భద్రయ్య తల ఊపాడు. ఆ కాగితాన్ని జేబులో పెట్టుకుని ఇంటికొచ్చాడు.

శ్యామలమ్మ మాత్రల సంగతంతా అతనిదే. పొద్దున టిఫినయ్యాక అరచేతిలో అయిదు మాత్రలు పోస్తాడు, ఆమె చూడకుండా నోట్లో వేసుకుని నీళ్ళు తాగుతుంది. మర్నాడు పొద్దున గులాబీ మాత్ర తీసి పక్కన పెట్టాడు. స్టెంటు వేసినప్పుడు, ‘ఇది ఒక్కరోజు కూడా మానొద్దు’ అని ఆ గుండె డాక్టరే వేలు చూపించి మరీ చెప్పిన మాట చెవిలో మోగింది. అప్పట్లో ఐసీయూ అద్దాల గదిలో వైర్ల మధ్య పడుకున్న శ్యామల ముఖం కళ్ళముందు మెదిలింది. చేయి దానంతటదే మాత్రను మళ్ళీ కుప్పలో కలిపేసింది. మర్నాడూ అంతే. ఏడు రోజులూ అంతే.

సూది వేసే రోజు వచ్చింది. నర్సు ఫెయిత్ కాగితాలు పట్టుకుని ఒక్కొక్కటే అడిగింది. జ్వరం లేదు. షుగర్ లేదు. పడని మందంటూ ఏదీ లేదు.

“బ్లడ్ పల్చగయ్యే టాబ్లెట్ ఎప్పుడు ఆపిండ్రు, అమ్మా?”

“ఏడు దినాలైంది. అన్నీ మా ఆయననే చూసుకుంటడు. నాకు ఆ గోలీల పేర్లు సుత తెల్వయి,” అంది శ్యామలమ్మ, కాస్త గర్వంగానే.

ఫెయిత్ రాసుకుంది. స్ట్రెచర్ కదిలింది. తలుపు రెక్కలు తెరుచుకున్నాయి.

“ఆపుండ్రి!” అని భద్రయ్య అరిచాడు. వరండాలో అందరూ తిరిగి చూశారు. “నేను ఆపలే. రోజూ ఇచ్చిన. ఇయ్యాల పొద్దుగాల సుత ఇచ్చిన.”

శ్యామలమ్మ మోచేతి మీద లేచి అతని వైపు అలా చూస్తుండిపోయింది.

అనుపమ బయటికొచ్చింది. తిడుతుందని తల వంచుకున్నాడు. ఆమె తిట్టలేదు.

“ఇవాళ చెయ్యను, అంకుల్. లోపల రక్తం కారితే చేత్తో అదిమి ఆపగలిగే చోటు కాదది. ఇప్పుడైనా చెప్పారు, మంచిదైంది.” అక్కడే గుండె డాక్టర్‌కు ఫోన్ కలిపి అతని చేతికిచ్చింది.

‘ఒక్కరోజు కూడా మానొద్దన్నది స్టెంటు కొత్తలో మాట, ఇప్పుడు రెండేళ్ళయింది, రెండో మాత్ర రోజూ వేస్తూనే ఉంటారు కాబట్టి ఏడు రోజులకు నేనే ఒప్పుకున్నాను’ అని ఆయన అవతలి నుంచి విడమరిచి చెప్పాడు. భద్రయ్య ఆ మాటను రెండుసార్లు చెప్పించుకున్నాడు.

ఆటోలో శ్యామలమ్మ ఒక పక్కకు ఒరిగి, కడ్డీ పట్టుకుని కూర్చుంది. మెట్టుగూడ దాటాక అతని వైపు తిరిగింది.

“నాతోని చెప్పొచ్చు గదా?”

“చెప్తే నవ్వుతవ్.”

“నవ్వుతా. అయినా చెప్పాలె. అంత భయమైందా?” అంది.

“నువ్వు అద్దాల గదిల ఉన్నప్పుడు బయట బెంచి మీద నేనెట్లున్ననో నీకు తెల్వదు,” అన్నాడు. ఆమె కడ్డీ వదిలి అతని చేయి పట్టుకుంది. గుంతలొచ్చినప్పుడల్లా ఇంకా గట్టిగా పట్టుకుంది.

మర్నాటి నుంచి శ్యామలమ్మ అరచేతిలో మాత్రలు ఒక్కొక్కటే తిప్పి చూసి, ఏది దేనికో అడిగాకే వేసుకుంది. గులాబీది లేదు. భద్రయ్య ఆ వారమంతా ఆమె అడుగు చప్పుడు వింటూనే గడిపాడు.

ఎనిమిదో రోజు సూది వేశారు. అనుపమ అతన్ని అద్దం ఇవతల నిలబడనిచ్చింది. శ్యామలమ్మ బోర్లా పడుకుంది. తెర మీద ఎముకలు బూడిదరంగు నీడల్లా కనిపించాయి. వాటి మధ్యకు సూది సన్నటి నల్లగీతలా కొద్దిగా దిగి ఆగింది. డాక్టర్ చూసింది. ఇంకొంచెం దిగి మళ్ళీ ఆగింది. రంగుమందు ఎముక ముందు పలచగా పరుచుకుంది. ఎక్స్‌రేను ఇంకో వైపు నుంచి కూడా తీసి చూసుకున్నాకే ఆమె అసలు మందు ఎక్కించింది. ఇరుకు సందులో బస్సు తిప్పేవాడి ఓపిక ఎంతో తెలిసిన భద్రయ్యకు, ఆ ఆగడం చూశాక గుండె కుదుటపడింది.

గంటసేపు ఉంచుకుని పంపుతూ, “కొన్ని నెలలకు నొప్పి మళ్ళీ రావొచ్చు, అప్పుడు చూద్దాం. వ్యాయామం మానొద్దు. జ్వరమొచ్చినా, కాళ్ళు తిమ్మిరిగా ఉన్నా వెంటనే ఫోన్ చెయ్యండి,” అంది అనుపమ.

నొప్పి పూర్తిగా పోలేదు. పదిలో ఎనిమిదిగా ఉన్నది రెండుకు దిగింది. సూది వేసిన పదో రోజు సాయంత్రం ఇద్దరూ కాప్రా చెరువు దాకా వెళ్ళారు. కాల్చిన మక్కజొన్నలు కొనుక్కుని బెంచీ మీద కూర్చున్నారు. చెల్లెలి పెళ్ళిలో వంటవాళ్ళు రాకపోతే నూరుమందికి తానే వండిన కథ శ్యామలమ్మ మొదలుపెట్టింది. భద్రయ్య ఆ కథ చాలాసార్లు విన్నాడు. అయినా కదలకుండా విన్నాడు. నీళ్ళ మీద వెలుగు తగ్గింది. లేవబోయి ఆమె, “అబ్బా! కాలు తిమ్మిరెక్కింది,” అంది.

భద్రయ్య చేతిలోని కంకి కిందపడింది. “డాక్టరమ్మకు ఫోన్ చేస్తా, ఉండు!” అని జేబులు తడుముకున్నాడు.

“ఓ పిచ్చి మనిషీ, గంటసేపు కూసుంటే తిమ్మిరెక్కదా?”

గంటసేపు. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. శ్యామలమ్మ కాలు విదిలించుకుంటూ నవ్వడం మొదలుపెట్టింది. అతను వంగి, ఆమె పిక్కలు వత్తసాగాడు.