ఉప్పుమడి బ్యాక్టీరియా

కంప్యూటరు గీసిన వంశవృక్షాన్ని చూసి ఆవిడ ముందు నవ్వేసింది. ఉప్పుమళ్ల బురదలో బతికే బ్యాక్టీరియాలన్నిటినీ జన్యువుల లెక్కన కొత్తగా వర్గీకరించే పని అది. ప్రయోగశాల అధిపతిగా రెండేళ్లుగా దానిమీదే కూర్చుంది. నూటపన్నెండు రకాలూ ఎక్కడివక్కడ సర్దుకున్నాయి. ఒక్కటి మాత్రం వాటికి ఆమడ దూరాన, మనుషుల చర్మంమీద ఉండే సూక్ష్మజీవుల మధ్యకెళ్లి కూర్చుంది. అది ఆవిడ గురువుగారు ముప్పై ఏళ్ల కిందట కనిపెట్టి, ప్రత్యేక ప్రజాతిగా పేరుపెట్టిన బ్యాక్టీరియా. పాఠ్యపుస్తకాలకెక్కిన పేరు.

"గొట్టాలు తారుమారు చేసుంటారు," అంది టెక్నీషియన్‌తో.

"లేదు మేడమ్. మూడుసార్లు చేశాను. మూడుసార్లూ ఇదే."

నాలుగోసారి ఆవిడే చేసింది. అదే వచ్చింది. వేరే ఊళ్ల ప్రయోగశాలలనుంచి అదే బ్యాక్టీరియాను తెప్పించి చూసింది. అక్కడా అంతే. వాళ్లందరికీ ఈ పదిహేనేళ్లలో ఇక్కడినుంచి పంపినదే మరి. అంటే ఫ్రీజర్లో ఇన్నాళ్లూ దాచుకున్నది గురువుగారి బ్యాక్టీరియా కాదు. ఎవరి చేతిమీదిదో, ఉప్పుకు తట్టుకునే మామూలు చర్మపు సూక్ష్మజీవి గొట్టంలో పడి, పెరిగి, అసలుదాన్ని లేకుండా చేసింది.

ఎప్పుడు? పాత రిజిస్టర్లు దించింది. పాత గొట్టాలనుంచి కొత్తవాటిలోకి మార్చిన తేదీ దొరికింది. పద్దెనిమిదేళ్ల కిందటిది. పక్కనున్న సంతకాన్ని రెండుసార్లు చదివింది. అది తనదే. పరిశోధనలో చేరిన మొదటి నెల. ఆ తరవాత దానిమీద రాసిన ఏడు వ్యాసాలూ తన వేళ్లమీది సూక్ష్మజీవి గురించే.

మర్నాడు పొద్దున్నే గురువుగారింటికి వెళ్లింది. ఆయన వరండాలో పాత కుర్చీకి వైరు అల్లుతున్నారు. ఊపిరి తీసుకోకుండా అంతా చెప్పేసింది. తిడతారనుకుంది.

ఆయన చేతులాగాయి. "అసలుది గులాబీ రంగమ్మా. నువ్వు మార్చాక తెల్లగా వచ్చింది. చూశాను."

"చూసి ఊరుకున్నారా?"

"అప్పుడే దాని మేత మార్చాం కదా, రంగు అందుకే మారిందేమోనని సర్దిచెప్పుకున్నాను. ఇంతలో నీ మొదటి వ్యాసం వచ్చేసింది. ఆ తరవాత ఎలా చెప్పను? ఏళ్లు గడిచేకొద్దీ నోరు కుట్టేసినట్టయింది."

"పిలిచి ఒక్క మాటనుంటే సరిపోయేది కదా సార్!"

ఆయనమీద గొంతు పెంచడం అదే మొదటిసారి. లోపల్నుంచి ఆయన భార్య గరిటె చేత్తోనే పరుగున వచ్చి, ఇద్దరి మొహాలూ చూసి గుమ్మంలోనే ఆగిపోయింది.

ఆయన వైరుచుట్ట కింద పెట్టి అన్నారు: "అసలు బ్యాక్టీరియాను ఎండబెట్టి సీలు చేసిన గాజు బుడ్లు రెండు ప్రయోగశాలలో నా పాత బీరువాలో ఉండాలి. నువ్వు చేరకముందువి."

ఇద్దరూ వెళ్లి వెతికారు. దొరికాయి. మొదటిది పగలగొడితే ఏమీ మొలవలేదు. రెండోది తొమ్మిదోనాడు ప్లేటుమీద సూదిమొనంత గులాబీ చుక్కలు వేసింది. జన్యువులు చదివితే దగ్గర చుట్టమంటూ ఏదీ లేదు. నిజంగానే వేరే ప్రజాతి. ఆయన మొదట చెప్పినదే నిజం.

ఆవిడ ప్లేటు చూపించబోతే ఆయన చూపు తిప్పుకున్నారు. ఏడు వ్యాసాలనూ వెనక్కి తీసుకుంటున్నట్టు పరిశోధన పత్రికలకు ఉత్తరం తయారైంది. తను చూసి ఊరుకున్న సంగతి అందులో ఆయనే, ఎవరూ అడక్కుండానే, స్వదస్తూరీతో చేర్చారు. ఆవిడ చదివింది. ఒక్క అక్షరం మార్చలేదు.

సాయంత్రం ఆయన్ని కారులో ఇంటిదగ్గర దింపింది. "మెట్లు జాగ్రత్త సార్," అంది. ఆ రోజు వాళ్లిద్దరూ మాట్లాడుకున్నది అంతే.