ఏ ఊరని అడిగాం

తడి తువ్వాలు కుర్చీ మీద పడేసినందుకు ఆ ఉదయం బిర్సానగర్ బస్తీలో, శ్రీకాకుళం నుంచి వలస వచ్చిన పైడిబాబు ఇంట్లో పెద్ద గొడవే అయింది.

“తాడు మీద ఎయ్యడానికి సేతులు రావేటి?” అంది భార్య పద్మకుమారి.

“సమ్మెలో ఉన్నోడికి తువ్వాలు పాఠాలేటే!”

కూతురు శ్వేత ఫోన్‌లోంచి తలెత్తలేదు. “పాపా, ఆప్‌కా వీడియో సబ్ దేఖ్ రహే హైఁ,” అంది.

నాన్న వీడియో అందరూ చూస్తున్నారట. ఆ వీడియోలో అతడు ఒక మనిషి కాలరు పట్టుకుని ఉన్నాడు.

మొన్నటి సంగతి. కూలి పెంచమని కాంట్రాక్టు కార్మికులంతా ఫ్యాక్టరీ గేటు ముందు కూర్చున్నారు. వాళ్ళ బదులు పని చేయించడానికి కాంట్రాక్టరు బంగ్లాదేశ్ సరిహద్దు దగ్గరి మాల్దా నుంచి వ్యాను నిండా మనుషుల్ని తెచ్చి దించాడు. అందరికీ కడుపు మండింది. “ఏ ఊరు మీది?” అని పైడిబాబు ముందున్నవాడి మీదికి ఉరికాడు. ఆ మనిషి పేరు రఫీకుల్. ఆధార్ కార్డు తీసి చూపించాడు. పైడిబాబు దాన్ని చూసి కూడా చేత్తో కొట్టేశాడు. “బంగ్లాదేశీ!” అని అరిచాడు. గేటంతా ఆ మాటే అందుకుంది. పోలీసులు రఫీకుల్‌ని లాక్కుపోయారు. అది దొంగ కార్డని ఫిర్యాదు రాసి సంతకం పెట్టింది పైడిబాబే.

“ఔర్ తుమ్? తుమ్హారా ఖతియాన్ కహాఁ హై?” అని, మరి నీ పాత భూమి కాగితం ఏదని, ఠాణాలో పోలీసు దారోగా నవ్వాడు. పాత భూమి రికార్డుల్లో పేరు లేనివాళ్ళంతా బయటివాళ్ళేనన్న గోల లేచినప్పుడల్లా పుట్టే వణుకు పైడిబాబుకు అప్పుడూ పుట్టింది. గేటు దగ్గర అందరికంటే గట్టిగా అరిచింది ఆ వణుకే.

సాయంత్రం యూనియన్ షెడ్డులో మీటింగు.

“ఎనక గేటు కాడ ఇంకో వ్యాను దిగింది. ఈసారి పలామూ వోళ్ళు. ఈ రాష్ట్రం వోళ్ళే. ఇప్పుడు ఆళ్ళనేటందాం?” అన్నాడు సెక్రటరీ గణపతిరావు.

“తన్ని తరుముదాం!” అని వెనక నుంచి ఒకడు అరిచాడు.

“రేపు కాంట్రాక్టరు మన శ్రీకాకుళం నుంచే దించుతాడు. నీ బావమరిదిని తరుముతావేట్రా?”

నవ్వు లేచి, వెంటనే ఆరిపోయింది. ఇటుకలు మోసే కస్తూరమ్మ లేచి నిలబడింది.

“మాల్దా వోళ్ళని ఏ ఊరని అడిగినాం. ఇక్కడ సమ్మె నడత్తందని ఒక్కలైనా సెప్పినామా? నానూ సెప్పలేదు. అరిసినాను.”



“ఫిర్యాదు నీ పేరున ఉంది, పైడీ,” అన్నాడు గణపతిరావు. “ఎనక్కి తీసుకుంటే తప్పుడు కేసు నీ మెడకే సుట్టుకుంటాది. ఆలోసించుకో.”

పైడిబాబు ఇంటి దారి పట్టాడు.

ఇంట్లో ముగ్గురూ అన్నాలకు కూర్చున్నారు. అతడు పప్పు కలిపాడు కానీ ముద్ద ఎత్తలేదు.

“రేపు ఠాణాకెళ్తాను. కార్డు అసలైందే, నానే అబద్ధమాడినానని రాసిత్తాను. రఫీకుల్ బయటికొత్తే మన సమ్మె ఎందుకో సెప్తాను. మొన్నే సెప్పాల్సింది.”

“నిన్ను లోపలేత్తే?” అని అడిగింది భార్య.

“ఏత్తే ఏత్తారు.”

పద్మకుమారి ఇంకో గరిటెడు అన్నం అతడి కంచంలో వేసింది.

“అయితే కడుపునిండా తిను. గేటు కాడ నాను మాత్రం ఊరుకున్నానేటి? నీ ఎనకాలే గొంతు సించుకున్నాను. రేపు బస్తీ ఆడోళ్ళందర్నీ ఎంటెట్టుకుని వత్తాను. ఎంతమందిని లోపలేత్తారో సూద్దాం.”