కోడి ఈకలు, గద్ద పేరు

నేను ఒక అద్దె టోపీని. విశాఖలో నాటకాల దుస్తులు అద్దెకిచ్చే కొట్టులో, రాజుగారి కిరీటానికీ పోలీసు టోపీకీ నడుమ మేకుకి వేలాడుతుంటాను. చికెన్ కొట్లో పారేసిన కోడి ఈకలు అట్టముక్కకి అంటించి, గోధుమరంగు పూసి నన్ను తయారుచేశారు. యజమాని మాత్రం నన్ను చేతికిస్తూ "అసలైన గద్ద ఈకలండీ, అడవి సరుకు" అంటాడు. పేరు గొప్ప, ఊరు దిబ్బ. ఏటా ఆగస్టులో ఆదివాసీ దినోత్సవం వస్తుంది, నాకు గిరాకీ వస్తుంది. ఎన్ని వేదికలెక్కానో, ఎన్ని ఉపన్యాసాలు విన్నానో! ఓపిక చచ్చిపోయింది.

పోయినేడు ఓ కాలేజీవాళ్లు నన్ను తీసుకెళ్లి పాంగి సుమలత నెత్తిన పెట్టారు. పాడేరు కొండల మీంచి వచ్చి హాస్టల్లో ఉండి చదువుకునే పిల్ల. "నువ్వు అసలైన ట్రైబల్‌వి కదమ్మా, ముందు వరసలో నిలబడు" అన్నారు మాస్టారు. వాళ్ల కొండల ఆట థింసా ఆడింది. చప్పట్లు మోగాయి. ఆట అవగానే గదికి పరుగెత్తి, నన్ను మంచం మీద విసిరేసి, తలమీంచి చన్నీళ్లు పోసుకుంది. ఆ గదిలోనే ఉండే అనకాపల్లి అమ్మాయి హిమబిందు, "ఏటే, వేషం వదల్లేదా?" అని నవ్వింది. సుమలత జుట్టు పిండుకుంటూ అటు తిరిగింది.

ఈ ఏడూ నేనే వచ్చాను. ముందురోజే వాళ్ల గదికి చేర్చారు. "ఆదివాసీల గురించి నేనేం నేర్చుకున్నాను" అని వ్యాసం రాసి సభలో చదవమన్నారు హిమబిందుని. పక్క మంచం మీదే మనిషి ఉండగా, పుస్తకాలన్నీ తిరగేసి, అలిసిపోయాక నన్ను చూపిస్తూ అడిగింది.

"మీవాళ్లు ఇది ఎప్పుడు పెట్టుకుంటారే?"

"ఎప్పుడూ పెట్టుకోం. మా అమ్మ కొప్పులో పువ్వులెట్టుకుంటాది," అంది సుమలత. "మా ఇంటిపేరు పాంగి అంటే గద్ద. అది మా ఇంటి మనిషి. యెక్కడైనా చచ్చి కనబడితే, మా మనిషి పోయినట్టే తలకి పోసుకుని, ఇంట్లో పాత కుండ పారేస్తాం. అలాటిదాని ఈకలు నా నెత్తి మీదెట్టారు."

హిమబిందు కలం ఆగిపోయింది. "అప్పుడే చెప్పలేకపోయావా?"

"అడిగితే చెప్దును. యెవరడిగారు?"

అవి కోడి ఈకలమ్మా అని అరుద్దామనుకున్నాను. టోపీకి నోరెక్కడిది? సిగ్గేసింది నాకు. హిమబిందుకి ఏడుపొచ్చింది. "ఆ రోజు నేను నవ్వేనే. తప్పయిపోయింది," అంది. సుమలత "గుర్తుంది" అని మాత్రం అంది.

మర్నాడు హిమబిందు నన్ను తన పెట్టెలో పెట్టి తాళం వేసింది. టోపీ కోసం మాస్టారు మనిషిని పంపితే, "ఇవ్వను" అంది. ముఖ్య అతిథి వచ్చే వేళకి ఇదేం పెంకితనమని తిట్టారట. వ్యాసం చదవనివ్వలేదట. సుమలత మామూలు చీర కట్టుకుని, కొప్పులో పువ్వులు పెట్టుకుని ఆడిందట. కళ తప్పిందని అతిథి గొణిగారట. ఇదంతా సాయంత్రం వాళ్లిద్దరూ చెప్పుకుంటుంటే పెట్టెలోంచి విన్నాను. మూత తీశాక చూస్తే సుమలత జుట్టు పొడిగానే ఉంది. పువ్వులు ఇంకా తీయలేదు.

ఇప్పుడు మళ్లీ మేకు మీదికి చేరాను. ఆగస్టు ఇంకా అయిపోలేదు. ఇందాకే ఏదో బడి నుంచి ఫోనొచ్చింది. "ఉందండీ, అసలైన గద్ద ఈకలే" అని యజమాని నన్ను సంచీలో కుక్కుతున్నాడు. ఈసారి ఎవరి జుట్టు తడవాలో.