ఐదు నిమిషాల నీళ్లు

రూతు వస్తానని కబురు పెట్టిన రోజున నూకయ్య పొద్దున్నే ట్రంకుపెట్టె దించమన్నాడు. మనవరాలు శ్రావణి దించింది. రైల్వే వర్క్‌షాప్ ఫోటో క్లబ్బు చరిత్ర రాస్తానని ఆ పిల్ల నెల రోజులుగా నోటుబుక్కు పట్టుకుని తాత వెంటే తిరుగుతోంది. పదకొండుమంది ఫిట్టర్లు, అందరికీ కలిపి ఒకే కెమెరా. ఓల్డ్ సెటిల్‌మెంట్ అనే రైల్వే కాలనీలో నూకయ్యకిచ్చిన క్వార్టర్ స్నానాలగదే వాళ్ల చీకటిగది. ఆ పదకొండుమందిలో ఇప్పుడు నూకయ్య ఒక్కడే మిగిలాడు.

రూతు మొగుడు దావీదు పోయి ఇరవై ఆరేళ్లయింది. పెళ్లి ఫోటోని చెదలు తినేశాయి. దావీదు అందరినీ తీసేవాడే తప్ప తను ఫోటోలో నిలబడేవాడు కాదు. ఎనభై ఒకటిలో ఫోటోల పోటీలో దావీదుకి మొదటి బహుమతి వచ్చినప్పుడు మాత్రం నూకయ్య బలవంతాన నిలబెట్టి తీశాడు.

"ఈ మజ్జిన ఆయన మొకం గురుతు రాటం నేదన్నియ్యా. అదొక్కటీ ఇచ్చెయ్, సాలు" అంది రూతు, కూర్చోకుండానే.

నూకయ్య ఆల్బమ్ తెరిచాడు. ఇంజన్లు, పూజా పందిళ్లు, ఫుట్‌బాల్ ఆటగాళ్లు, అన్నిటి మీదా టీ ఒలికినట్టు గోధుమరంగు. ఆ పేజీ వచ్చింది. చొక్కా ఉంది, చేతిలో బహుమతి కప్పు ఉంది, మెడ పైన మరక ఉంది. శ్రావణి నెగటివ్ తీసి కిటికీకి అడ్డం పెట్టి చూసింది. అందులోనూ అంతే.

"తేమకా తాతా?"

"మా ఆయన సేతిపనే అయ్యుంటాది" అంది రూతు. "అన్నిటికీ తొందరే. కడిగేకాడ కూడా గాబరా పడిపోనాడేమో."

ఊరుకుంటే అక్కడితో పోయేది. నూకయ్య ఊరుకోలేకపోయాడు.

ఫోటో కడిగాక, బొమ్మ నిలవడానికి వేసే హైపో మందు వదిలేదాకా అరగంట నీళ్లలో ఉంచాలి. రైల్వే కొళాయి పొద్దున ఒక్క గంటే వచ్చేది. బయట బిందెలు వరసలో ఉండేవి. క్లబ్బు సెక్రటరీగా నూకయ్యే రూలు పెట్టాడు: మనిషికి ఐదు నిమిషాలు. దావీదు ఒక్కడే తగువాడాడు. "మందు పోదన్నా, కాగితాన్ని తినేస్తాది" అన్నాడు. "నీళ్లు నీ బాబు మోసినాడేట్రా?" అని అందరూ నవ్వేలా ఎగతాళి చేసి, కొళాయి కట్టేశాడు.

"నేనే కట్టేసినానమ్మీ" అన్నాడు ఇప్పుడు. "ఆడు వద్దనే అన్నాడు."

రూతు ఆ ఫోటోని ఆల్బమ్‌లోంచి తీసి బల్ల మీద పెట్టింది. తిట్టినా బాగుండేది.

"పోనీ, నువ్వు రోజూ సూసినోడివి కదా. నవ్వితే ఎలాగుండేవోడో సెప్పు. అదైనా ఇంటాను."

నూకయ్య కళ్లు మూసుకున్నాడు. దావీదు వచ్చాడు. భుజం మీద తోలుపట్టీ, లెన్సు తిప్పే వేళ్లు, బొటనవేలి మీద కాలిన మచ్చ. మొహం ఉండాల్సిన చోట నల్లటి కెమెరా. దించరా అనుకున్నాడు, దించరా ఒక్కసారి. దావీదు దించలేదు.

"నవ్వితే..." అన్నాడు.

శ్రావణి కలం ఎత్తి పట్టుకుంది. రూతు కొంచెం ముందుకు వంగింది. నూకయ్య కళ్లు తెరవకుండానే తల అడ్డంగా ఊపాడు. కాసేపటికి రూతు చెప్పులు వేసుకుని వెళ్లిపోయింది. ఫోటో బల్ల మీదే ఉంది.