కొట్టుకుపోయిన కొలబద్ద

మా డెల్టా సిమ్యులేషన్ సంఘానికి నలభై ఏళ్ళు నిండాయని బాపట్లలో కల్యాణమండపం మాట్లాడారు. భాద్రపదంలో ముహూర్తాలుండవు కాబట్టి దొరికింది. లేకపోతే మా కోసం ఎవరూ పెళ్ళి వాయిదా వేసుకోరు. ఈ నలభై ఏళ్ళూ మేం చేసిన పని ఒక్క మాటలో చెప్పాలంటే, జరగబోయేదాన్ని కంప్యూటర్లో ముందే జరిపించి చూసుకోవడం. వాన కురవకుండానే కురిపిస్తాం, కాలువకు నీళ్ళు వదలకుండానే పారిస్తాం, తుఫాను పుట్టకముందే తీరం దాటిస్తాం. నేల విడిచి సాము అని మా అమ్మ అనేది. ఆవిడకు ఇంగ్లీషు రాదు గాని సిమ్యులేషన్ అంటే ఏమిటో మా అందరికన్నా బాగా అర్థమైంది.

నా పేరు కుసుమకుమారి. తెనాలి కాలేజీలో ముప్ఫై మూడేళ్ళు లెక్కలు చెప్పి రిటైరయ్యాను. సంఘం పెట్టిన ఏడుగురిలో ఇంకా బతికున్నది నేనొక్కదాన్నే. అంచేత సభలో నాకు రెండు పనులు అప్పగించారు. సంఘ చరిత్ర మీద పావుగంట మాట్లాడి శాలువా కప్పించుకోవడం, షెల్టర్ నివేదికలో "సరిచూసినవారు" అని ఉన్నచోట సంతకం పెట్టడం.

ఆ నివేదిక సంగతి చెప్పాలి. రేపల్లె వైపు తుఫాను షెల్టర్ ఒకటి కట్టబోతున్నారు. ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గరున్న పాలెంలో కట్టాలా, అక్కణ్ణించి ఎనిమిది కిలోమీటర్లు లోపలున్న ఊళ్ళో కట్టాలా అని జిల్లా అధికారులు మా సంఘాన్ని సలహా అడిగారు. పాలెంలో నూట నలభై గడపలు. అందరూ సముద్రం మీద బతికేవాళ్ళే. మా మోడల్ ప్రకారం ఎంత పెద్ద ఉప్పెన వచ్చినా పాలెంలో నీళ్ళు మోకాలు దాటవు. కాబట్టి షెల్టర్ జనం ఎక్కువున్న లోపలి ఊరికే. మోడల్ నిజం చెబుతోందో లేదో చూడ్డానికి పాలెం రేవులో రెండు మీటర్ల కొలబద్ద పాతించారు. రోజూ ఉదయం పదకొండుకీ సాయంత్రం అయిదుకీ దాని మీద నీటి మట్టం చూసి ఫోన్లో పంపడానికి అక్కడే ఒక మనిషిని పెట్టారు. మోడల్ అంకెకీ అక్కణ్ణించి వచ్చిన అంకెకీ నూటికి తొంభై ఏడు పాళ్ళు పొంతన కుదిరింది. జాతకాలు కూడా అంతగా కలవవు. నాకు అప్పుడే అనుమానం రావాల్సింది, రాలేదు. శాలువా ఎదురుగా కనబడుతుంటే లెక్కల పంతులమ్మ కళ్ళు కూడా మసకబారతాయి.

ఉపన్యాసం రాసుకుంటూ కూర్చుంటే చరిత్రంతా కళ్ళముందు తిరిగింది. అంత గొప్పగా ఏం లేదు. ఎనభై అయిదులో ఇంజనీరు వెంకట్రామయ్యగారు తెనాలిలో తమ మేడమీద గదిలో సంఘం పెట్టారు. అప్పట్లో లెక్కలు అట్టకార్డుల మీద చిల్లులుగా పొడిపించి, పెట్టెల్లో పేర్చి, రైల్లో హైదరాబాదు తీసుకెళ్ళి అక్కడి కంప్యూటరుకు తినిపించేవాళ్ళం. ఒకసారి తెనాలి స్టేషన్లో పెట్టె జారి కార్డులన్నీ ప్లాట్‌ఫాం మీద పడితే, ఒక పోర్టరు ఏరిచ్చి పేకాట ఎక్కడమ్మా అని అడిగాడు. తొంభై నాలుగులో అధ్యక్ష పదవి దగ్గర తగువు వచ్చి సంఘం తెనాలి వర్గం, బాపట్ల వర్గం అని చీలింది. ఇద్దరూ కృష్ణకు విడివిడిగా మోడళ్ళు కట్టారు. వాటిలో నది రెండుచోట్ల సముద్రంలో కలిసేది. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళని పదకొండేళ్ళు వాదించుకున్నాక, వాదించడానికి వయసు చాలక కలిసిపోయారు.

ఇప్పుడు రైసుమిల్లూ ఇంజనీరింగు కాలేజీ ఉన్న మోహనకృష్ణ అధ్యక్షుడు. మూడు వాట్సాప్ గ్రూపులు, నెలకో ఆన్‌లైన్ సెమినారు. కొత్త మోజు డిజిటల్ ట్విన్. అంటే ఊరికి కంప్యూటర్లో ఒక కవలను తయారుచేయడం. అసలు ఊరు బురదలో ఉన్నా సరే, కవలకు మాత్రం రోజూ తలంటు పోస్తారు.

సభకు నాలుగు రోజుల ముందు మోహనకృష్ణ ఫోన్ చేశాడు. సావనీరు అట్ట మీదికి కొలబద్ద ఫొటో కావాలట. తీసినవాళ్ళు ఎవరూ లేరట. చూసినవాళ్ళు ఎవరైనా ఉన్నారా అని అడిగితే బద్ద పాతిన కాంట్రాక్టరు చూశాడన్నాడు. మోడల్ కట్టిన మనోజ్‌కు స్లైడ్ల పని తెమలడం లేదు. సరే, నేనే వెళ్తానన్నాను.

తెనాలిలో రేపల్లె బండెక్కి, జంపని, వేమూరు దాటి, చివరి స్టేషన్లో దిగి ఆటో మాట్లాడుకున్నాను. నలభై ఏళ్ళుగా పాలెం మీదికి వందసార్లు ఉప్పెన తోలినదాన్ని, పాలెంలో కాలు పెట్టడం అదే మొదలు. ఆ మాట చెప్పుకోవడానికి ఇప్పటికీ సిగ్గేస్తుంది.

అంకెలు పంపే మనిషి పేరు నాంచారయ్య. గడప ముందు కూర్చుని వల బాగుచేసుకుంటున్నాడు. అరవై ఉంటాయి. పక్కన భార్య సుబ్బరత్నం, రేపల్లె మార్కెట్లో చేపలమ్మి అప్పుడే వచ్చి బుట్ట కడుగుతోంది. కొలబద్ద చూపించమని అడిగితే ఆయన రేవుకు తీసుకెళ్ళి, మర్యాదగా చెయ్యి చాపి నీళ్ళు చూపించాడు.

"అక్కడుండేదండి."

వైశాఖంలో వచ్చిన గాలివానకు పోయిందట. నాలుగు నెలలయింది. ఆ నాలుగు నెలలూ రోజుకు రెండు అంకెలు తప్పకుండా వస్తూనే ఉన్నాయి. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం.

ఎలా పంపుతున్నావని అడిగాను. ఫోన్ తీసి చూపించాడు. వేళకు ఫోన్ గంట కొడుతుంది. తెర మీద అంకె ముందే వేసి ఉంటుంది, మోడల్ ఊహించిన అంకె. కింద పచ్చ బొత్తాం, దాని మీద "సరే" అని ఉంటుంది. చదువు రానివాళ్ళకు సులువుగా ఉండాలని మనోజ్ చేసిన ఏర్పాటు. అంటే మా మోడల్ తన జవాబు తానే ఈయన చేత రాయించుకుని, తానే దిద్దుకుని, నూటికి తొంభై ఏడు వేసుకుంటోంది. నా క్లాసులో ఇలా రాసిన పిల్లల్ని బెంచీ ఎక్కించేదాన్ని.

గాలివాన రోజున ఏం పంపావని అడిగాను. మా వెనకే రేవుకు వచ్చిన సుబ్బరత్నం అందుకుని చెప్పింది. నీళ్ళు రొమ్ముల దాకా వచ్చాయట. పాలెమంతా తాళ్ళేసి చెట్లకు కట్టిన పడవల్లో ఒక పగలూ ఒక రాత్రీ కూర్చున్నారట. కొలబద్ద చివరి గీత మునిగినప్పుడు ఈయన పడవలోంచే రెండు మీటర్లని కొట్టాడట. ఫోన్ ఒప్పుకోలేదు. "తప్పు అంకె. మళ్ళీ చూడండి" అంది. మళ్ళీ చూశాడు, మళ్ళీ రెండే కొట్టాడు. మూడోసారీ అదే మాట వచ్చేసరికి, చదువుకున్నవాళ్ళు చెబుతున్నారు కదా, నాకే కళ్ళు సరిగా కనబడటం లేదేమోనని ముందే వేసున్న అరవై సెంటీమీటర్లకు సరే నొక్కాడు. గంట తరవాత బద్ద కొట్టుకుపోయింది.

"ఆ రోజు పడవలు ఒడ్డునున్నయ్ కాబట్టి బతికామండి" అంది సుబ్బరత్నం. "ఈసారి మగోళ్ళు వేటకి పోయినప్పుడు నీళ్ళొస్తే, పిల్లల్ని ఎక్కించడానికి ఏముందండి మాకు?"

అక్కడే నిలబడి మనోజ్‌కు ఫోన్ చేశాను. రెండు మీటర్లను ఎందుకు కాదంటోందిరా నీ ఫోన్ అని. బద్ద మీద మీటరు ఇరవై, అంటే ఊళ్ళో మోకాలి లోతు, దాటితే పొరపాటు కింద లెక్క మేడమ్, ఈ తీరం చరిత్రలో గరిష్ఠం అంతే కదా అన్నాడు. ఆ గరిష్ఠం ఎక్కడిదంటే నవ్వాడు.

"వెంకట్రామయ్యగారి పాత మోడల్లోది మేడమ్. కార్డులు మీరే కదా చేసింది?"

నేనే చేశాను. ఎనభై ఆరులో, డెబ్బయ్యేడు ఉప్పెనకు ఏ ఊళ్ళో ఎంతెత్తు నీళ్ళొచ్చాయో సంఘంలో మిగతావాళ్ళు జనాన్ని అడిగి తెచ్చిన అంకెలు కార్డులకెక్కించాం. ఈ పాలెంతో కలిపి మొగ దగ్గరి మూడు పాలేల అంకెలు మా గ్రాఫు గీతలో ఇమడలేదు, చాలా పైన ఉన్నాయి. వెంకట్రామయ్యగారు కళ్ళజోడు తుడుచుకుంటూ, చేపలు పట్టేవాళ్ళు ఎక్కువ చెప్తారమ్మా, తీసెయ్ అన్నారు. తీసేశాను. గీత ముచ్చటగా కుదిరింది. ఆ ఏడు సంఘానికి మద్రాసులో బహుమతి కూడా వచ్చింది. తీసిన మూడు కార్డులు పారెయ్యడానికి మనసొప్పక బీరువాలో పట్టుచీరల కింద పెట్టాను. ఇన్నేళ్ళూ చీరలు తీసినప్పుడల్లా కనబడేవి, మళ్ళీ మూసేదాన్ని. మనోజ్‌ని ఏమని తిట్టను? తిలాపాపం తలా పిడికెడు, అందులో పెద్ద పిడికిలి నాది.

సభ రోజున నాంచారయ్యనీ సుబ్బరత్నాన్నీ వెంటబెట్టుకుని బాపట్ల వెళ్ళాను. వెనక వరసలో కూర్చోబెట్టాను. వేదిక మీద మోహనకృష్ణ, మనోజ్, జిల్లా నుంచి నివేదిక తీసుకోవడానికి వచ్చిన అధికారిణి ఝాన్సీలక్ష్మి, నేను. మూడు స్వాగతాలు, రెండు జ్యోతి ప్రజ్వలనలు అయ్యాయి. మొదటిది ఫ్యాను గాలికి ఆరిపోయింది. గాలిని ముందే చెప్పగలిగే డెబ్బైమంది ఆ హాల్లో ఉన్నారు.

నన్ను చరిత్ర చెప్పమని మైకు ఇచ్చే ముందు, మనోజ్ తెర మీద పాలెం కవలను చూపించాడు. నీలం రంగు సముద్రం, పచ్చరంగు గుడిసెలు, తడి అన్నదే లేదు. సరిగ్గా పదకొండైంది. ఇప్పుడు తీరం నుంచి ప్రత్యక్షంగా నీటి మట్టం వస్తుంది, చూడండి అన్నాడు. హాలు వెనక ఎక్కడో ఫోన్ గంట కొట్టింది. తెర మీద చుక్క వెలిగి పచ్చగా మారింది. పొంతన తొంభై ఏడు పాయింటు రెండు. హాలంతా చప్పట్లు కొట్టింది.

నేను మైకు తీసుకుని చప్పట్లు ఆపమన్నాను.

"ఆ నీళ్ళు కొలిచినాయన వెనక వరసలో కూర్చున్నాడు. నాంచారయ్యా, ఒకసారి లేచి నిలబడు."

ఆయన చేతిలో ఫోన్‌తోనే లేచాడు. వేలు ఇంకా బొత్తాం మీదే ఉంది. అలవాటుగా నొక్కేశాడు పాపం, ఎక్కడున్నాడో మరిచిపోయి. రేవు ఇక్కడికి యాభై కిలోమీటర్లకు పైనే ఉంది. రేవులో బద్ద లేదు, వైశాఖంలోనే పోయింది. ఆ సంగతి చెప్పి, ఇక చరిత్రంటారా, ఇదే మన చరిత్ర అన్నాను.

మనోజ్ ఇది చిన్న డేటా లోపమని మొదలుపెట్టాడు. ఝాన్సీలక్ష్మి అతన్ని ఆగమని, నాంచారయ్యను దగ్గరికి పిలిచి, వైశాఖంలో నీళ్ళెంత వచ్చాయని అడిగింది. ఆయన అరచెయ్యి రొమ్ము మీద అడ్డంగా పెట్టి చూపించాడు.

మోహనకృష్ణ నా చెవి దగ్గరికి వంగాడు.

"వాళ్ళు ఎక్కువ చెప్తారక్కయ్యా. మీకు తెలియందేముంది?"

నాకు ఒళ్ళు మండిపోయింది. అతని మీద కాదు, ముందు నా మీదే. అదే మాటకు ఒకసారి తలూపినదాన్ని. బ్యాగులోంచి మూడు కార్డులు తీసి నివేదిక మీద పెట్టి, అవేమిటో, ఎవరు తీసేశారో మైకులోనే చెప్పాను. "సరిచూసినవారు" అని ఉన్నచోట "కొలబద్ద లేదు. సరిచూడలేదు" అని రాసి కింద సంతకం పెట్టాను. ఝాన్సీలక్ష్మి దాన్ని రెండుసార్లు చదివి, కార్డులతో సహా ఫైల్లో పెట్టుకుంది. భోజనానికి కూడా ఆగలేదు. నాంచారయ్యనీ సుబ్బరత్నాన్నీ తన జీపులోనే ఎక్కించుకుని, గోడల మీద నీటి మరకలు టేపుతో కొలవడానికి పాలెం బయల్దేరింది.

ఆ మరకలు నేల నుంచి మీటరుంబావు ఎత్తున ఉన్నాయని తేలి, షెల్టరు పాలేనికే ఖాయమైంది. మా సంఘం మాత్రం పొంతన పోయినందుకు విచారం వెలిబుచ్చుతూ, కొత్త కొలబద్ద పాతాలని తీర్మానించింది. మూడు వాట్సాప్ గ్రూపుల్లోంచీ నన్ను తీసేశారు. శాలువా ఇంటికి పంపించారు, పేరు ముందే కుట్టించారు కాబట్టి వేరేవాళ్ళకు పనికిరాదట.

పునాది తీసిన రోజున మళ్ళీ పాలెం వెళ్ళాను. మూడు అట్టముక్కలు తిరిగి లెక్కలో చేర్చడానికి నాకు ముప్ఫై తొమ్మిదేళ్ళు పట్టింది. ఆ ముప్ఫై తొమ్మిదేళ్ళలో మోకాలు దాటి ఎన్నిసార్లు నీళ్ళొచ్చాయి నాంచారయ్యా అని అడిగాను. ఆయన ఒక చేతి వేళ్ళు మడిచి లెక్కపెట్టాడు. అవి చాలక రెండో చెయ్యి తెరిచాడు.