ముసురుకు ముందు

సాయంత్రం నుంచి ఈదురుగాలి, మూడు రోజులు ముసురు, చలి అని పొద్దున్నే ఫోన్లకు మెసేజ్ వచ్చింది. సూర్యలంక దగ్గర పాలెంలో ముప్ఫై ఏళ్లుగా చేపలు ఎండబెట్టి అమ్ముతున్న వెంకటసుబ్బులు, ఇలాంటి కబురు వింటే ఒకప్పుడు పరుగులు పెట్టేది. ఇప్పుడు నడుము పట్టుకుని లేచింది, అంతే.

ఇంటి ముందు పాత వల మీద పరిచిన సావిడాయ చేపలు సగమే ఎండాయి. తడి తగిలితే పురుగులు పడతాయి. నాలుగు గంపలు లోపల పెట్టిందో లేదో, మొగుడు దానయ్య ఒడ్డు నుంచి కేకేశాడు.

"ఏమే, ఇటు రా! పడవ పైకి లాగాలి. మనుషులు చాలట్లేదు."

"చేపలింకా బయటే ఉన్నాయయ్యా!"

"పడవ పోతే చేపలెక్కడియ్యే?"

వెళ్లి తాడు పట్టుకుంది. మోకాలి నొప్పితో దానయ్య రెండుసార్లు ఇసకలో కూలబడ్డాడు. ఆమె అరచేతులు బొబ్బలెక్కాయి. పడవ సరుగుడు చెట్ల దాకా చేరేసరికి ఆకాశం నల్లబడి చినుకు మొదలైంది. చల్లగాలి చెవుల్లో దూరుతోంది.

పరుగెత్తే ఓపిక లేదు. పోయినవి పోయాయిలే అనుకుంటూ నడిచింది. తీరా చూస్తే వల మీద ఒక్క చేప లేదు.

పక్కింటి వసారాలో దానయ్య వదిన కొండమ్మ, గుట్టగా పోసిన చేపల మీద టార్పాలిన్ కప్పుతోంది. దొడ్డి హద్దు దగ్గర మాటామాటా పెరిగి, తోడికోడళ్లిద్దరికీ నాలుగేళ్లుగా మాటల్లేవు.

"నీవీ నావీ కలిసిపోయాయి," అంది కొండమ్మ తల తిప్పకుండానే. "విడిగా పొయ్యడానికి టైం లేకపోయింది."

వెంకటసుబ్బులు మెట్టు దగ్గరే నిలబడిపోయింది. సంతోషించాలో ఏడవాలో తెలియలేదు. రెండింటికీ ఒంట్లో సత్తువ లేదు.

"ఏవి ఎవరియ్యో ఎట్టా తెలుస్తది అక్కా?"

"ముసురు తగ్గాక ఇద్దరం కూర్చుని ఏరుకుందాంలే. ముందు లోపలికి రా, తడుస్తన్నావు."

పొయ్యి దగ్గర పీట వేసి, కొండమ్మ కొబ్బరినూనె సీసా ఇచ్చింది. వెంకటసుబ్బులు వణుకుతూనే అరచేతులకు రాసుకుంది. సీసా ఒళ్లో పెట్టుకుని అక్కడే కునికింది.

కొండమ్మ ఆమెను లేపలేదు. మరిది కూడా ఇటే వస్తాడని, ఎసట్లో ఇంకో రెండు గ్లాసుల బియ్యం పోసింది.